తెల్ల ఎలుగు మీద మోపిన హెడ్డింగు బరువు

పిల్లి తన పిల్లల్ని ఏడిళ్లు తిప్పుతుందని సామెత. పాతబస్తీ మిద్దె మీదో, సికింద్రాబాద్ రైల్వే క్వార్టర్ల పెరట్లోనో పిల్లి ఈనిన ఇంట్లోవాళ్లకు కారణం కూడా తెలుసు. గండుపిల్లి కంటపడితే కూనలు దక్కవు. తెల్లారేసరికి నాలుగు కూనల్లో మూడే కనిపిస్తే ఇంట్లో పిల్లలు ఏడుస్తారు, పెద్దవాళ్లు నిట్టూరుస్తారు, అంతే. అది వార్త కాదు. హైదరాబాద్‌లో ఎండలు మండిపోవడం వల్లే గండుపిల్లి అలా చేసిందని ఎవరూ అనరు.

ఆర్కిటిక్‌లో తెల్ల ఎలుగుబంటి అదే పని చేస్తే కథ వేరేలా నడుస్తుంది. 2009 చలికాలం మొదట్లో కెనడాలోని చర్చిల్ ఊరి దగ్గర ఒక మగ ఎలుగు పిల్ల ఎలుగును చంపి తింది. టూరిస్టుల బస్సు ఎదుటే జరగడంతో ఫోటోలు వచ్చాయి. ఆ ఫోటోలు ప్రపంచమంతా తిరిగాయి. మంచు కరగడంతో ఆకలికి ఎలుగులు నరమాంస భక్షకుల్లా మారాయన్న ధోరణిలో కథనాలు నడిచాయి. ఎలుగు తిన్నది ఎలుగును కదా, ఇందులో నరమాంసం ఎక్కడిదన్న అనుమానం ఏ డెస్క్‌కూ వచ్చినట్టు లేదు. ఇంగ్లిష్ మాటను గబగబా తెలుగులోకి దింపితే ఇలాంటివి జరుగుతాయి. స్వజాతి భక్షణ అనేది దీనికి సరైన మాట. అయితే ఆ మాటకు హెడ్డింగులో పెట్టేంత కారం లేదు.

కెనడా ఉత్తరాది మూలవాసులైన ఇన్యూట్‌ల నాయకులు ఆ కథనాలు చూసి విసుక్కున్నారు. మగ ఎలుగు పిల్లల్ని చంపడం తమ తాతముత్తాతలకూ తెలుసని, దీన్ని వాతావరణ మార్పుతో ముడిపెట్టడం ఆర్కిటిక్‌కు దక్షిణాన బతికేవాళ్ల అజ్ఞానమని వాళ్ల వాదన. ఆ వాదనలో నిజం ఉంది. ఎలుగులు ఎలుగుల్ని చంపడం, తినడం గురించి శాస్త్ర పత్రికల్లో 1985 నాటికే రాశారు. మంచు తరుగుదల అప్పటికి పేపర్లకు ఎక్కే సంగతి కాదు.

మరి ఆ హెడ్డింగులన్నీ ఉత్త గాలి కబుర్లేనా? అలా తేల్చేయడం కూడా తొందరపాటే. పులి, సింహం, గోధుమ ఎలుగు లాంటి జంతువుల్లో మగది పిల్లల్ని చంపడానికి ఒక కారణం చెబుతారు. పిల్లలు పోతే తల్లి మళ్లీ ఎదకు వస్తుంది, ఆ మగదానికి సంతానం కలిగే వీలు ఏర్పడుతుంది. తెల్ల ఎలుగులు జతకట్టేది మాత్రం వసంతంలో, మార్చి నుంచి జూన్ లోపు. అక్టోబర్, నవంబర్ నెలల్లో పిల్లను చంపిన మగదానికి ఆ లెక్క కుదరదు. అప్పుడు మిగిలే కారణం తిండి. వేసవి చివర, శరత్కాలంలో జరిగే ఇలాంటి చావుల వెనక ఆకలి ఉందని పరిశోధకులు అనుకోవడానికి ఇదొక ఆధారం. కానీ చర్చిల్‌ను ఆనుకుని ఉన్న హడ్సన్ బే అనే అఖాతం ఎలుగులు వేసవి చివరలో ఆకలితో ఉండటం మంచు తరగక ముందూ ఉన్నదే. ఆకలి నిజమైనంత మాత్రాన, ఆ ఒక్క చావుకు కారణం ఫలానా ఏడాది కరిగిన మంచేనని రుజువైపోదు.

అలాస్కా ఉత్తర తీరంలోని బ్యూఫోర్ట్ సముద్రం నుంచి వచ్చిన సంగతి దీనికంటే బరువైంది. 2004 తొలి నెలల్లో అక్కడ స్వజాతి భక్షణ ఘటనలు మూడు బయటపడ్డాయి. ఒకదాంట్లో గుహలో ఉన్న పెద్ద ఆడ ఎలుగునే మగది చంపింది. ఆ ప్రాంతంలో 24 ఏళ్లు, వాయవ్య కెనడాలో 34 ఏళ్లు తిరిగినా ఇలా పొంచి వేటాడి చంపి తినడం ఎన్నడూ చూడలేదని ఎలుగుల పరిశోధకుడు స్టీవెన్ ఆమ్‌స్ట్రప్ బృందం 2006లో రాసింది. తిండి కరువు కారణం కావచ్చన్నది వాళ్ల ఊహ. ఊహ అని వాళ్లే చెప్పారు.

ఆ "కావచ్చు" దగ్గరే గొడవంతా. తెలుగు పత్రికల డెస్క్‌ల పనితీరు తెలిసినవాళ్లకు ఇది కొత్త కాదు. సాయంత్రం ఏజెన్సీ కాపీ వస్తుంది. పరిశోధకుడి మాటలో రెండు "అయ్యుండొచ్చు"లు, ఒక "మా పరిశీలన మేరకు" ఉంటాయి. మన భాషలో ఆ సందేహమంతా క్రియ చివర "వచ్చు" అనే తోక మీద ఆధారపడి ఉంటుంది. హెడ్డింగుకు ఇచ్చింది ఆరు మాటల చోటు. ముందు తెగేది ఆ తోకే. తోక కోయడానికి మనసొప్పని సబ్ ఎడిటర్ ఒక ప్రశ్నార్థకం తగిలిస్తాడు: "అంతరించిపోనున్నాయా?" తెలుగు హెడ్డింగులో ప్రశ్నార్థకం చూసి పాఠకుడు దాన్ని ప్రశ్నగా చదవడు, అవుననే జవాబుగానే చదువుతాడు. ఇక యూట్యూబ్ థంబ్‌నెయిల్‌కు వచ్చేసరికి ఆ ప్రశ్నార్థకం కూడా ఉండదు. ఎర్ర బాణం, నోరు తెరిచిన ఎలుగు, "షాకింగ్" అనే మాట మిగులుతాయి.

2010 జులైలో ఫోటోగ్రాఫర్ జెన్నీ రాస్ నార్వేకు చెందిన స్వాల్‌బార్డ్ దీవుల దగ్గర ఒక మగ ఎలుగును దూరం నుంచి చూసింది. సీల్ అనే సముద్ర జంతువును పట్టి తింటోందనుకుంది. పడవ దగ్గరయ్యాక తెలిసింది, దాని నోట్లో ఉన్నది చిన్న ఎలుగు కళేబరమని. ఆమె, అప్పటికే దశాబ్దాలుగా ఈ జంతువులపై పనిచేస్తున్న ఇయాన్ స్టిర్లింగ్ కలిసి రాసిన పత్రం 2011 చివర్లో వచ్చింది. మంచు తగ్గి సీళ్లు దొరకని కాలం పెరిగితే ఇలాంటివి ఎక్కువ కావచ్చని అందులో అన్నారు. 2020 ఫిబ్రవరిలో రష్యా శాస్త్రవేత్త ఇల్యా మోర్ద్వింత్సెవ్ ఇలాంటి ఘటనలు పెరుగుతున్నాయన్నాడు. ఓబ్ అఖాతంలో గ్యాస్ ఓడల రాకపోకలు ఎలుగుల వేటను చెడగొడుతున్నాయన్నది కూడా ఆయన చెప్పిన కారణాల్లో ఉంది. అదే నోటితో ఇంకో మాట కూడా చెప్పాడు. ఇప్పుడు శాస్త్రవేత్తలే కాక చమురు, గ్యాస్ పనివాళ్లు, సైనిక సిబ్బంది కూడా ఆర్కిటిక్‌లో ఉండటంతో సమాచారం ఎక్కువగా అందుతోందని. హెడ్డింగులకు మొదటి సగం ఎక్కింది, రెండో సగం ఎక్కలేదు.

ఘటన పెరిగిందా, ఘటన కంటపడటం పెరిగిందా అన్న ఈ చిక్కు హైదరాబాదీలకు కొత్తది కాదు. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో వీధి కుక్కల దాడిలో నాలుగేళ్ల బాబు చనిపోయాడు. ఆ సీసీటీవీ దృశ్యాన్ని దేశమంతా చూసింది. తర్వాత కొన్ని వారాల పాటు ఏ జిల్లా ఎడిషన్ తెరిచినా కుక్క కాటు వార్తే. అంతకుముందు లోపలి పేజీలో నాలుగు లైన్లకు సరిపెట్టిన కాట్లు ఇప్పుడు ఫోటోతో మొదటి పేజీకి వచ్చాయి. కుక్కల సమస్య నిజం కాదని దీని అర్థం కాదు, నిజమే. కానీ ఆ వారాల్లో పేపర్లో వచ్చిన వార్తల లెక్క కుక్కల సంగతి కంటే పేపర్ల సంగతే ఎక్కువ చెబుతుంది. మంచు దేశంలో అయితే ఈ తేడా ఇంకా పెద్దది. ఒక ఎలుగు ఇంకో ఎలుగును తినేచోట మనిషి ఉండటమే అరుదు. చూసే కళ్లు రెట్టింపైతే కనిపించే ఘటనలూ పెరుగుతాయి.

ఇక మంచు. ఎలుగుకు మంచు దేనికన్న ప్రశ్నకు "అది చల్లటి చోట బతికే జంతువు కాబట్టి" అన్న జవాబు సగమే. నీళ్లలో సీల్‌తో పోటీపడి ఎలుగు గెలవలేదు. సీల్ ఊపిరి తీసుకోవడానికి మంచులో కన్నాలు చేసుకుంటుంది. ఎలుగు ఆ కన్నం పక్కన గంటల తరబడి కదలకుండా కాపు కాస్తుంది. లేదంటే మంచు మీద పడుకున్న సీల్ వైపు మెల్లగా పాకుతుంది. కృష్ణా తీరపు జాలరికి వల ఎలాగో, దానికి మంచు అలాగ. పట్టిన సీల్‌లోనూ ముందు తినేది కొవ్వునే. మార్చి, ఏప్రిల్‌లో పుట్టిన సీల్ పిల్లలు పాలు మానే రోజుల్లో ఒళ్లంతా కొవ్వే ఉంటుంది, తెలివి ఇంకా రాదు. ఏప్రిల్ నుంచి జులై దాకా ఉండే ఆ కొద్ది నెలల్లోనే ఎలుగు ఏడాదికి సరిపడా కొవ్వు కూడబెట్టుకోవాలి. హడ్సన్ బేలో జులై, ఆగస్టు నాటికి మంచు పూర్తిగా కరిగి ఎలుగులు ఒడ్డుకు చేరతాయి. నవంబర్‌లో మళ్లీ గడ్డకట్టే దాకా ఉపవాసమే. కడుపుతో ఉన్న ఆడ ఎలుగుకు ఆ ఉపవాసం దాదాపు ఎనిమిది నెలలు సాగుతుంది. అది గుహలోనే కని, పాలిచ్చి, పిల్లలతో బయటకు వస్తుంది.

1980ల నాటితో పోలిస్తే పశ్చిమ హడ్సన్ బేలో ఎలుగులు మూడు వారాలకు పైగా ఎక్కువ కాలం ఒడ్డున గడుపుతున్నాయి. మూడు వారాలే కదా అనిపిస్తుంది. అయితే ఆ మూడు వారాల్లో ఎక్కువ భాగం పోతున్నది ఎండాకాలం మొదట్లో, అంటే సీల్ పిల్లలు దొరికే సీజన్ చివర్లో. సంక్రాంతి వారం షాపు మూసుకున్న బట్టల వ్యాపారికి పోయింది ఒక్క వారమేనని సర్దిచెబితే ఒప్పుకోడు.

ఒడ్డున బెర్రీలు, పక్షి గుడ్లు, గడ్డి, ఎప్పుడైనా ఒక కళేబరం దొరుకుతాయి. వాటితో నెట్టుకురాలేవా అన్న ప్రశ్నకు 2024లో వచ్చిన పరిశోధన సూటిగా జవాబిచ్చింది. పశ్చిమ హడ్సన్ బేలో 20 ఎలుగులకు మెడపట్టీకి వీడియో కెమెరాలు కట్టి దాదాపు మూడు వారాలు గమనించారు. కొన్ని కదలకుండా పడుకున్నాయి, కొన్ని బెర్రీలు తిన్నాయి, కొన్ని చాలా దూరం ఈదాయి. దారి ఏదైనా 20లో 19 బరువు తగ్గాయి, రోజుకు 0.4 నుంచి 1.7 కిలోల దాకా. నిద్రపోయినవాటికీ, తిండి వెతికినవాటికీ చివరికి నష్టం ఒకటే. దీంతో "ఎలుగులు మారుతున్నాయి, కొత్త తిండికి అలవాటు పడుతున్నాయి" అనే ఇంకో రకం హెడ్డింగుకు కూడా గండి పడింది. స్వాల్‌బార్డ్‌లో 2014లో ఎలుగు డాల్ఫిన్లను తినడం, 2020లో ఒకటి రెయిన్‌డీర్‌ను నీళ్లలోకి తరిమి చంపడం లాంటి దృశ్యాలు నిజమే, చూడటానికి అద్భుతమే. కానీ ఆ ఒక్క భోజనం చూసి ఒక జాతి బతుకు లెక్క వేయలేం.

తల్లి ఒంట్లో కొవ్వు తగ్గితే పాలు తగ్గుతాయి, పిల్లలు రెండో ఏడు చూడవు. పశ్చిమ హడ్సన్ బేలో 1987లో దాదాపు 1,200 ఎలుగులుండేవి. 2016లో 842, 2021లో 618 అని అంచనా వేశారు. ఈ తగ్గుదలకు ఫోటో లేదు. ఒక ఎలుగు ఇంకో ఎలుగును నోట కరుచుకున్న దృశ్యం లాంటిది ఇందులో ఎక్కడా దొరకదు. కొన్ని ఏళ్లు పిల్లలు తక్కువగా మిగిలాయి, పెద్దవి వయసు మీరి పోయాయి, విమానం నుంచి లెక్కపెట్టేవాళ్ల కాగితం మీద అంకె తగ్గింది.

ఇదే మాట ఆర్కిటిక్ మొత్తానికి చెప్పలేం. దక్షిణ బ్యూఫోర్ట్‌లో 2001 నుంచి 2010 మధ్య సుమారు 1,500 నుంచి 900కు పడిపోయాయి. దాని పక్కనే ఉన్న చుక్చీ సముద్రంలో మాత్రం, మంచు తగ్గినా ఎలుగులు బలిష్ఠంగా ఉన్నాయి. అక్కడి సారవంతమైన జలాల్లో సీళ్లకు తిండి సమృద్ధి. ప్రపంచం మొత్తం మీద తెల్ల ఎలుగులు దాదాపు 26,000 ఉంటాయని 2015లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం (ఐయూసీఎన్) అంచనా, 22,000 నుంచి 31,000 మధ్య ఎంతైనా కావచ్చు. అవి 20 దాకా వేర్వేరు సమూహాలు. కొన్ని తగ్గుతున్నాయి, కొన్ని నిలకడగా ఉన్నాయి, కొన్నింటి సంగతి సరిగా లెక్కే వేయలేదు. 1973లో ఆర్కిటిక్ చుట్టూ ఉన్న ఐదు దేశాలు వేటకు పగ్గాలు వేస్తూ ఒప్పందం చేసుకున్నాక కొన్నిచోట్ల సంఖ్య కోలుకుంది కూడా. అంతా బాగుందనేవాళ్లు ఈ కోలుకోవడాన్ని చూపిస్తారు, అంతా అయిపోయిందనేవాళ్లు హడ్సన్ బేను చూపిస్తారు. ఇద్దరి చేతిలోనూ నిజమైన అంకెలే ఉంటాయి.

మంచు విస్తీర్ణం విషయంలోనూ ఇదే ఆట. సెప్టెంబర్‌లో ఆర్కిటిక్ సముద్రపు మంచు ఏడాదిలోకెల్లా తక్కువకు చేరుతుంది. ఉపగ్రహాలతో కొలవడం మొదలైన 1979 ప్రాంతంలో అది దాదాపు 70 లక్షల చదరపు కిలోమీటర్లు, రెండు భారతదేశాల కంటే ఎక్కువ. 2012లో 34 లక్షలకు, అంటే దాదాపు ఒక్క భారతదేశానికి పడిపోయింది. 2013లో అది తిరిగి 50 లక్షలు దాటింది. ఆ ఏడాది ఒక బ్రిటిష్ వారపత్రిక మంచు ఏడాదిలో బాగా పెరిగిందని, భూమి చల్లబడుతోందని పతాక శీర్షిక పెట్టింది. గండిపేట ఒక ఏడాది అడుగంటి, మరుసటి ఏడాది మూడో వంతు నిండితే, "నీళ్లు మూడింతలు పెరిగాయి, ఇక హైదరాబాద్‌కు కరువే లేదు" అన్నట్టు ఉంటుంది. పెరిగిన మాట నిజమే. దేనితో పోల్చారన్నదే మోసం.

అటువైపు వాళ్లూ తక్కువ తినలేదు. 2012 రికార్డు ఊపులో కేంబ్రిడ్జ్ ప్రొఫెసర్ పీటర్ వాడమ్స్ 2015–16 కల్లా సెప్టెంబర్‌లో మంచు దాదాపు ఉండదని చెప్పాడు. ఆ మాట ప్రపంచమంతా మోగింది. 2016 వచ్చింది, వెళ్లింది, సెప్టెంబర్ మంచు 40 లక్షల పైనే ఉంది. 2012 రికార్డు ఇంతవరకూ చెక్కుచెదరలేదు, గత రెండు దశాబ్దాల్లో సెప్టెంబర్ తగ్గుదల నెమ్మదించింది కూడా. ఇది విని ఊపిరి పీల్చుకునేవాళ్లు 2025 మార్చి అంకె కూడా చూడాలి. ఏడాదిలో మంచు గరిష్ఠంగా ఉండే ఆ నెలలో అది 143 లక్షల చదరపు కిలోమీటర్లే, అప్పటిదాకా ఉపగ్రహ రికార్డుల్లో అన్నిటికంటే తక్కువ. ఒక జోస్యం తప్పినంత మాత్రాన నలభై ఏళ్ల దిగుడు గీత తప్పు కాదు. కానీ తప్పిన జోస్యాన్ని గుర్తుపెట్టుకున్న పాఠకుడు తర్వాత గీతను చూపించినా నమ్మడు.

ఎలుగు ఫోటో పక్కన "తీర నగరాలు మునుగుతాయి" అని రాయడం ఇంకో అలవాటు. కోఠిలో చెరుకురసం గ్లాసు పట్టుకున్నవాళ్లకు తెలుసు, తేలే ఐసు ముక్క కరిగితే రసం పొంగి కిందపడదు. సముద్రం మట్టం పెంచేది గ్రీన్‌లాండ్, అంటార్కిటికా నేల మీది మంచు. ఎలుగు నిలబడేది తేలే మంచు మీద. రెండూ కరుగుతున్నాయి, రెండూ వేర్వేరు కథలు.

ఇలా ఫోటోకు మోయలేని బరువు ఎత్తితే ఏమవుతుందో 2017 డిసెంబర్‌లో తేలింది. కెనడా ఆర్కిటిక్ దీవుల్లో ఎముకల గూడులా మిగిలిన ఒక ఎలుగు చెత్త డబ్బాలో తిండి వెతుక్కుంటూ కాళ్లీడ్చే వీడియోను ఫోటోగ్రాఫర్ పాల్ నిక్లెన్ బృందం విడుదల చేసింది. నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక దాని మీద, వాతావరణ మార్పు ఇలా ఉంటుంది అన్న అర్థంలో వ్యాఖ్య పెట్టింది. దాదాపు 250 కోట్ల మందికి ఆ దృశ్యం చేరిందని అంచనా. ఆ ఎలుగు ముసలిదా, జబ్బుదా, గాయపడిందా అన్నది ఎవరికీ తెలియదు. ఎలుగులు ఎప్పుడూ ఏదో ఒకలా చస్తాయి, పళ్లు అరిగి వేటాడలేక ఎండిపోయి చచ్చేవి మంచు దండిగా ఉన్న రోజుల్లోనూ ఉండేవి. 2018 ఆగస్టులో ఆ బృందంలోని క్రిస్టినా మిట్టర్‌మయర్, కథ తమ చేయి దాటిపోయిందని ఆ పత్రికలోనే రాసుకుంది. పత్రిక కూడా తాము హద్దు మీరామని ఒప్పుకుంది. సంజాయిషీ ఎంతమందికి చేరి ఉంటుందో ఊహించుకోవచ్చు.

ఈ తంతును హైదరాబాద్ తన పెరట్లోనే చూసింది. 2025 మార్చి చివర్లో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ పక్కన కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల గొడవ రేగింది. బుల్డోజర్లు దిగాయి, చెట్లు కూలాయి. రాత్రిపూట నెమళ్ల అరుపులు వినిపించే వీడియోలు వచ్చాయి. వాటితోపాటే, బుల్డోజర్ల ముందు పరుగెత్తే జింకల బొమ్మలు ఏఐతో చేసినవి వాట్సాప్ గ్రూపుల్ని ముంచెత్తాయి. చెట్లు కొట్టింది నిజం, ఆ నేలలో జింకలూ నెమళ్లూ ఉన్నది నిజం. కానీ బొమ్మ నకిలీ. దాంతో వాదన చెట్ల మీది నుంచి బొమ్మ మీదికి జారింది. నకిలీ చిత్రాలతో తప్పుదోవ పట్టిస్తున్నారని ప్రభుత్వం అంది, పంచుకున్నవాళ్లకు పోలీసు నోటీసులు వెళ్లాయి. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపించింది. కూలిన చెట్ల ఎకరాల లెక్క కోర్టుకు చేరిన నివేదికతోనే తేలింది, జింక బొమ్మతో కాదు.

రష్యాలోని నొవాయా జెమ్ల్యా దీవుల్లో 2019 ఫిబ్రవరిలో అత్యవసర పరిస్థితి పెట్టారు. బెలుష్యా గుబా ఊరి చుట్టూ 52 ఎలుగులు తిరుగుతున్నాయి. "దండయాత్ర" అన్నాయి పేపర్లు. ఎలుగులు గుమిగూడింది ప్రధానంగా ఊరి చెత్తకుప్ప దగ్గర. జవహర్‌నగర్ డంపింగ్ యార్డ్ చుట్టూ కుక్కలు, గద్దలు ఎందుకు చేరతాయో, అక్కడ ఎలుగులు అందుకే చేరాయి. తీరంలో మంచు ఆలస్యమవడం వల్ల అవి ఒడ్డునే ఎక్కువ రోజులు ఉండిపోయాయన్నదీ నిజం. మంచు వాటిని ఒడ్డున ఆపింది, చెత్త ఊళ్లోకి పిలిచింది. రెండు కారణాలు పట్టే హెడ్డింగు మాత్రం లేదు.

ఈ ఫోటోలన్నీ ఎక్కడ, ఎప్పుడు తీసినవో గమనిస్తే ఇంకో సంగతి బయటపడుతుంది. చర్చిల్‌కు టూరిస్టులు వచ్చేది అక్టోబర్, నవంబర్‌లో. మంచు కోసం ఎదురుచూస్తూ, నెలల తరబడి తిండి లేక చిక్కిపోయిన ఎలుగులు తీరాన తిరిగే రోజులవి. వాహనం దిగకుండానే ఫోటో తీయొచ్చు. బే గడ్డకట్టగానే ఎలుగులు ఒక్కొక్కటే మంచు మీదికి నడిచిపోతాయి, ఊళ్లో హోటళ్లు ఖాళీ అవుతాయి. అవి కడుపు నిండా తినే ఏప్రిల్, మే నెలల్లో ఒడ్డుకు ఎంతో దూరాన, సీల్ కన్నాల పక్కన ఉంటాయి. అక్కడికి కెమెరాలు వెళ్లేది అరుదు.